జంట పోలీసుల పోరాట హాస్య చిత్రాలు

ఒకరి తీరు మరొకరికి సరిపడని ఇద్దరు పోలీసు అధికారులు ఒకే కేసును కలిసి ఛేదించవలసి రావడం కథాంశంగా గల చిత్రాలను ఆంగ్లంలో 'బడీ కాప్' చిత్రాలంటారు. ఈ కథకు కుంగ్ ఫూ, కరాటే వంటి యుద్ధవిద్యలు, వాటితో పాటు హాస్యం తోడైనప్పుడు ఏర్పడే ఉపజాతి గురించినది ఈ వ్యాసం. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు కనుక ఇక్కడ 'జంట పోలీసుల పోరాట హాస్యం' అని వ్యవహరిస్తున్నాము. 1998లో విడుదలైన అమెరికన్ చిత్రం రష్ అవర్ ఈ కోవలో అందరికీ తెలిసిన ఉదాహరణ. తెలుగు సినిమా ఈ జాతి చిత్రాలలోని పోరాటాన్ని, హాస్యాన్ని, పోలీసు కథను మూడింటినీ ఇష్టపడింది కాని, వాటిని ఒకే పాత్రలో కలపడానికి వెనుకాడింది. దానికి గల కారణాలు కూడా ఈ వ్యాసంలో చూడవచ్చు.

స్వరూపం

ఇద్దరు పోలీసులున్న ప్రతి చిత్రమూ ఈ కోవలోకి రాదు. ఆ ఇద్దరి స్వభావం, వయస్సు, జాతి, భాష, పనిచేసే పద్ధతి వీటిలో ఏదో ఒకటైనా ఎడమొహం పెడమొహంగా ఉండాలి. వారిద్దరూ కోరి కలిసినవారు కాకూడదు. పై అధికారి ఆజ్ఞ వల్లనో, పరిస్థితుల వల్లనో కట్టివేయబడినవారై ఉండాలి. ఒకరి లోపాన్ని మరొకరి నైపుణ్యం పూరించాలి. ఇక పోరాట హాస్యం అనిపించుకోవాలంటే కొట్లాటకు ముందూ వెనుకా జోకులుంటే చాలదు, కొట్లాటలోనే నవ్వు పుట్టాలి. ఈ చివరి షరతే అన్నిటికంటె కష్టమైనది. చాలా చిత్రాలు ఇక్కడే తప్పిపోతాయి.

జంట పోలీసుల కథ: పూర్వరంగం

ఈ కథాక్రమానికి మూలాలను వెదికేవారు తరచు జపాను దర్శకుడు అకిరా కురోసావా తీసిన స్ట్రే డాగ్ (1949) దగ్గరికి వెళతారు. బస్సులో తన పిస్తోలును పోగొట్టుకున్న యువ డిటెక్టివు, అతనికి తోడుగా నిలిచిన అనుభవజ్ఞుడైన పెద్ద డిటెక్టివు అందులోని ప్రధాన పాత్రలు. అందులో హాస్యం లేదు. ఎండలో చెమటలు కక్కుతూ తిరిగే ఇద్దరు మనుషుల మధ్య నెమ్మదిగా ఏర్పడే గౌరవం మాత్రం ఉంది.

అమెరికాలో ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్ (1967) ఈ కథకు జాతి సమస్యను జోడించింది. ఫిలడెల్ఫియా నుండి వచ్చిన నల్లజాతి డిటెక్టివుగా సిడ్నీ పాయిటియర్, దక్షిణాది చిన్న పట్టణపు తెల్లజాతి పోలీసు అధికారిగా రాడ్ స్టైగర్ నటించారు. దానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పురస్కారం లభించింది. ఆ తరువాత 48 అవర్స్ (1982) చిత్రం ఒక పోలీసును, ఒక ఖైదీని జతచేసి కథలోకి హాస్యాన్ని తెచ్చింది. ఎడీ మర్ఫీకి అదే తొలి చిత్రం. లీథల్ వెపన్ (1987) ఈ మూసను స్థిరపరచింది. రెడ్ హీట్ (1988)లో సోవియట్ పోలీసు అధికారి అమెరికాకు వచ్చి అక్కడి పోలీసుతో కలిసి పనిచేస్తాడు. పరదేశపు పోలీసు, స్వదేశపు పోలీసు అనే ఈ ఏర్పాటే పదేళ్ళ తరువాత రష్ అవర్‌కు పునాది అయింది.

పోరాటంలో హాస్యం ఎలా పుడుతుంది

1973లో బ్రూస్ లీ మరణించేనాటికి హాంకాంగ్ పోరాట చిత్రాలలో నాయకుడంటే కోపం, వేగం, అజేయత్వం. ఆయన తరువాత వచ్చినవారిలో చాలామంది ఆయనను అనుకరించబోయి వెలవెలపోయారు. 1954లో హాంకాంగ్‌లో జన్మించిన జాకీ చాన్‌ను కూడా మొదట నిర్మాతలు రెండవ బ్రూస్ లీగా మలచాలని చూశారు. అది ఫలించలేదు. 1978లో యూన్ వూ-పింగ్ దర్శకత్వంలో వచ్చిన స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో, డ్రంకెన్ మాస్టర్ చిత్రాలతో అతడు పూర్తిగా వ్యతిరేక దిశను పట్టి విజయం సాధించాడు. బ్రూస్ లీ కొడితే శత్రువుకు నొప్పి. జాకీ చాన్ కొడితే తనకూ నొప్పే. గుద్దిన తరువాత చేయి విదిలించుకోవడం, బల్ల అంచు మోకాలికి తగిలి ముఖం వంకర పెట్టడం, తనకంటె బలవంతుడిని చూసి పారిపోవడం - ఇవన్నీ అతని పోరాటంలో భాగాలు. ప్రేక్షకుడు అతనిలో తననే చూసుకుంటాడు.

దీని వెనుక బాల్యం నుండి పొందిన శిక్షణ ఉంది. జాకీ చాన్ చిన్ననాటనే చైనా సంప్రదాయ సంగీత నాటకమైన పెకింగ్ ఒపేరాను నేర్పే పాఠశాలలో చేరి సుమారు పదేళ్ళు అక్కడే పెరిగాడు. పాట, అభినయం, కత్తిసాము, పిల్లిమొగ్గలు అక్కడ వేరువేరు విద్యలు కావు. ఒకే దేహానికి నేర్పే ఒకే విద్య. ఈ మాట తెలుగువారికి, ముఖ్యంగా ఇందూరు ప్రాంతం వారికి కొత్తగా తోచనక్కరలేదు. బోధన్ ప్రాంతానికి చెందిన ప్రసిద్ధ కళాకారిణి చిందుల ఎల్లమ్మను కన్న చిందు భాగవతంలో కూడా పిల్లలు నడక వచ్చిన కొద్ది రోజులకే గజ్జె కట్టి ఆట, పాట, మాట, గెంతు కలిపే నేర్చుకుంటారు. శరీరంతో నవ్వించడం, అదే శరీరంతో వీరరసాన్ని పండించడం ఒకే మనిషికి సాధ్యం కావడానికి ఇటువంటి శిక్షణయే కారణం.

జాకీ చాన్ తన మాటల్లోనే చెప్పుకున్న ఇతర గురువులు అమెరికా మూకీ చిత్రాల హాస్యనటులు: బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్. ప్రాజెక్ట్ ఎ (1983) చిత్రంలో అతడు గడియార స్తంభం నుండి వేలాడి కిందపడే దృశ్యం, లాయిడ్ నటించిన సేఫ్టీ లాస్ట్ (1923)లోని గడియారపు దృశ్యానికి నివాళి. పోలీస్ స్టోరీ (1985)లో బహుళ అంతస్తుల దుకాణ సముదాయంలో విద్యుద్దీపాలు చుట్టిన స్తంభం వెంట జారే సాహసం ఇప్పటికీ చెప్పుకుంటారు.

సాంకేతికంగా చూస్తే ఈ పోరాట హాస్యానికి మూడు సూత్రాలున్నాయనవచ్చు. కెమెరా దూరంగా ఉండి, కొట్టేవాడు, పడేవాడు, మధ్యనున్న కుర్చీ, మూడూ ఒకే చట్రంలో కనబడాలి. కదలికల మధ్య తాళం ఉండాలి: రెండు దెబ్బలు, ఒక విరామం, మళ్ళీ ఒక దెబ్బ, మృదంగంపై జతిలాగా. అన్నిటికంటె ముఖ్యంగా చేతికి అందిన వస్తువు ఆయుధం కావాలి. నిచ్చెన, గొడుగు, చొక్కా, సైకిలు ఏదైనా సరే. వస్తువు మామూలుదైన కొద్దీ నవ్వు పెరుగుతుంది. హాలీవుడ్ పద్ధతిలో కెమెరాను ముఖాల దగ్గరకు తెచ్చి, దృశ్యాన్ని ముక్కలుగా కోసి అతికితే దెబ్బ తీవ్రత పెరగవచ్చు కాని ఈ నవ్వు చచ్చిపోతుంది. జాకీ చాన్ అమెరికాలో చేసిన తొలి ప్రయత్నాలు ది బిగ్ బ్రాల్ (1980), ది ప్రొటెక్టర్ (1985) విఫలం కావడానికి ఇదొక కారణం. ది ప్రొటెక్టర్ కూడా ఇద్దరు పోలీసుల కథే కావడం గమనార్హం. దర్శకుడి పద్ధతి నచ్చక, హాంకాంగ్ విడుదలకు అతడు కొన్ని భాగాలను తిరిగి చిత్రీకరించుకున్నాడు. అదే ఏడాది తన దర్శకత్వంలో పోలీస్ స్టోరీని తీసి, పోలీసు చిత్రం ఎలా ఉండాలని తాను భావించాడో చూపించాడు.

రష్ అవర్ (1998)

బ్రెట్ రాట్నర్ దర్శకత్వంలో న్యూ లైన్ సినిమా సంస్థ విడుదల చేసిన ఈ చిత్రానికి రాస్ లమన్నా కథను, జిమ్ కౌఫ్‌తో కలిసి చిత్రానువాదాన్ని అందించాడు. ఎంటర్ ది డ్రాగన్‌కు సంగీతం సమకూర్చిన లాలో షిఫ్రిన్ దీనికీ సంగీత దర్శకుడు. 1998 సెప్టెంబరు 18న అమెరికాలో విడుదలైంది.

హాంకాంగ్ బ్రిటిషు పాలన నుండి చైనాకు మారే చివరి రోజుతో కథ మొదలవుతుంది. డిటెక్టివ్ ఇన్స్పెక్టర్ లీ (జాకీ చాన్) దొంగిలించబడిన చైనా కళాఖండాలను స్వాధీనం చేసుకుంటాడు కాని, ముఠా నాయకుడు జున్‌టావ్ ఎవరో తెలియదు. లీకి ఆప్తుడైన హాన్ లాస్ ఏంజెలెస్‌లో చైనా కాన్సుల్‌గా వెళ్ళిన కొద్దికాలానికే అతని చిన్నారి కూతురిని ఎవరో ఎత్తుకుపోతారు. ఆ పాపకు లీ యుద్ధవిద్య నేర్పిన గురువు కూడా. హాన్ అతడిని పిలిపిస్తాడు. దర్యాప్తు చేస్తున్న ఎఫ్.బి.ఐ. వారికి బయటి మనిషి రావడం ఇష్టం లేదు. అతడికి ఊరు చూపిస్తూ కాలక్షేపం చేయించే మనిషిని పంపమని స్థానిక పోలీసులను అడుగుతారు. అప్పటికే ఒక పనిని పాడుచేసి పై అధికారి కోపానికి గురైన డిటెక్టివ్ జేమ్స్ కార్టర్ (క్రిస్ టక్కర్)కు ఆ పని శిక్షగా పడుతుంది. తనను గొప్ప కేసుకు ఎంపిక చేశారని కార్టర్ మొదట సంబరపడతాడు.

ఇక్కడ గమనించవలసినది, ఈ ఇద్దరూ అవమానితులే. ఒకడిని పరాయివాడని పక్కన పెట్టారు, మరొకడిని పనికిరానివాడని. ఇద్దరినీ ఒకరికొకరు అడ్డుగా వాడుకున్నారు. ఈ సంగతి ఇద్దరికీ తెలిసిన తరువాతనే నిజమైన స్నేహం మొదలవుతుంది. చిత్రం హాస్యంగా సాగినా లోపల ఉన్న ఈ నొప్పే దాన్ని నిలబెట్టింది.

పతాక సన్నివేశం చైనా కళాఖండాల ప్రదర్శన జరుగుతున్నచోట సాగుతుంది. లీ ఒకపక్క రౌడీలతో పోరాడుతూ మరొకపక్క శతాబ్దాల నాటి పెద్ద పెద్ద పూలకుండీలు కిందపడి పగలకుండా కాపాడుతూ ఉంటాడు. ఒక కుండీ ఒరుగుతుంది, కాలితో ఆపుతాడు. దాన్ని నిలబెట్టేలోగా వెనుక నుండి దెబ్బ పడుతుంది. దాన్ని తప్పించుకునేలోగా మరొక కుండీ. పై పేరాలో చెప్పిన సూత్రాలన్నీ ఈ కొద్ది నిమిషాలలో కనబడతాయి. పోరాట హాస్యాన్ని విద్యార్థులకు వివరించదలచినవారికి ఇంతకంటె సులభమైన పాఠం దొరకదు. లీ పైకప్పు నుండి జారిపడినప్పుడు కార్టర్ ఒక పెద్ద గుడ్డ పతాకాన్ని పట్టి కాపాడడంతో, అంతవరకు మాటలకే పరిమితమైన మనిషి చేతలలోకి వస్తాడు.

సుమారు 3.3 నుండి 3.5 కోట్ల డాలర్ల వ్యయంతో తీసిన ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా 24.4 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. దీనికి రష్ అవర్ 2 (2001), రష్ అవర్ 3 (2007) కొనసాగింపులుగా వచ్చాయి. మొదటి కొనసాగింపు మూలచిత్రం కంటె ఎక్కువగా, సుమారు 34.7 కోట్ల డాలర్లు రాబట్టింది. మూడవదాన్ని విమర్శకులు మెచ్చలేదు. 2016లో అదే పేరుతో వచ్చిన టీవీ ధారావాహిక ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది. ఒక చిన్న విశేషం: సినిమా సమీక్షలను ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటును సెన్ డువాంగ్ 1998లో రూపొందించడానికి ప్రేరణ జాకీ చాన్ చిత్రాల సమీక్షలను సేకరించే అతని అలవాటేనని చెబుతారు.

చిత్రం చివర పేర్లు వచ్చేటప్పుడు చిత్రీకరణలో దొర్లిన తప్పులను చూపించడం జాకీ చాన్ చిత్రాలకు ముద్రగా మారింది. ది కానన్‌బాల్ రన్ (1981)లో నటించినప్పుడు అతడు ఈ పద్ధతిని చూసి స్వీకరించాడు. తేడా ఏమంటే, తన హాంకాంగ్ చిత్రాలలో ఆ తప్పులు ఎముకలు విరిగిన దెబ్బలు. రష్ అవర్‌లో ఎక్కువగా నాలుక తడబడిన మాటలు. ఆ అమెరికన్ హాస్యం తనకు సరిగా అర్థం కాలేదని, అందులోని పోరాటాలు తనకు తృప్తినివ్వలేదని జాకీ చాన్ తరువాత పలుమార్లు చెప్పుకున్నాడు.

భాష మీద నవ్వు

ఈ చిత్రంలో సగం హాస్యం భాష మీదనే నడుస్తుంది. విమానాశ్రయంలో కార్టర్, లీకి ఇంగ్లీషు రాదనుకుని గట్టిగా అరిచి, మాటలను విడదీసి చెబుతాడు. లీ చిరునవ్వుతో మౌనంగా ఉంటాడు. కొంతసేపటి తరువాత అతనికి ఇంగ్లీషు బాగానే వచ్చని బయటపడుతుంది. తనకు రాదని లీ ఎన్నడూ అనలేదు, కార్టరే అనుకున్నాడు. మాట్లాడడం ఇష్టపడేవారిని మాట్లాడనివ్వడమే అతని నీతి. నవ్వు లీ మీదనుండి కార్టర్ మీదకు తిరుగుతుంది.

బిలియర్డ్స్ ఆడే చోట జరిగే కొట్లాటకు కారణం కూడా మాటే. కార్టర్ తనవారిని పలకరించిన మాటనే లీ అమాయకంగా అనుకరిస్తాడు. తమలో తాము అనుకుంటే ఆప్యాయతగా ధ్వనించే మాట, పరాయివాడి నోట తిట్టుగా మారుతుంది. నల్లజాతివారి మీద, ఆసియావారి మీద ఇందులో వేసిన జోకులు కొన్ని ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటాయన్న విమర్శ ఉంది. అది అన్యాయమైన విమర్శ కాదు. కాని నవ్వు ఒకవైపే ప్రవహించక పోవడం, ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకోవడం వల్ల చాలావరకు తూకం నిలిచిందనుకోవాలి.

ఇటువంటి చిత్రాన్ని డబ్బింగ్ చేయడంలోని చిక్కు ఊహించవచ్చు. హాంకాంగ్ మనిషి, లాస్ ఏంజెలెస్ మనిషి ఇద్దరూ తెలుగే మాట్లాడితే 'వీడికి భాష వచ్చా, రాదా' అన్న సందేహానికి చోటెక్కడ? అనువాదకుడు యాసల తేడాను ఆశ్రయించాలి, లేదా ఆ హాస్యాన్ని వదులుకోవాలి. పోరాటానికి మాత్రం అనువాదం అక్కరలేదు. జాకీ చాన్ చిత్రాలు భాషలు దాటి మన చిన్న పట్టణాల దాకా రావడానికి అదే కారణం. 1980, 90 దశకాలలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది: ఆదివారం సినిమా చూసి వచ్చి, సోమవారం బెంచీల మీద నుండి దూకే పిల్లలను దండించడం ఒక నిత్యకృత్యం.

తెలుగు సినిమాలో

తెలుగువారికి తెర మీది పోరాటం జానపద చిత్రాల కత్తియుద్ధాలతో, గ్రామీణ చిత్రాల కర్రసాముతో పరిచయమైంది. తూర్పు ఆసియా యుద్ధవిద్యల ముద్ర తరువాత వచ్చింది. దక్షిణాది భాషలన్నిటిలో పోరాటాలు సమకూర్చిన కె.కె. రత్నం పేరుకు ముందు 'జూడో' చేరి జూడో రత్నంగా స్థిరపడడం ఆ ఆకర్షణకు గుర్తు. 1980లలో కరాటే నేర్చిన సుమన్, భానుచందర్ కథానాయకులుగా వెలిగారు. పవన్ కళ్యాణ్ తొలి చిత్రం అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి (1996)లో తన కరాటే నైపుణ్యాన్ని ప్రదర్శించాడు. తమ్ముడు (1999)లో కిక్ బాక్సింగ్, శ్రీహరి నటించిన భద్రాచలం (2001)లో తైక్వాండో, పూరీ జగన్నాథ్ దర్శకత్వంలో రవితేజ నటించిన అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి (2003)లో మళ్ళీ కిక్ బాక్సింగ్ కథకు ఆధారాలయ్యాయి.

వీటన్నిటిలో యుద్ధవిద్య ఒక తపస్సు. నాయకుడు దెబ్బతింటాడు, సాధన చేస్తాడు, చివరకు గెలుస్తాడు. పోరాటం మొదలయ్యాక నవ్వు ఉండదు. నవ్వించే బాధ్యత వేరే హాస్యనటులది. పోలీసు చిత్రాలలోనూ ఇదే పంపకం. అంకుశం (1989)లో రాజశేఖర్ ధరించిన పోలీసు అధికారి పాత్ర నిప్పులు కక్కుతుంది. ఆ తరహా చిత్రాలలో నవ్వు స్టేషనులోని కానిస్టేబుల్ వాటాకు వస్తుంది. డిటెక్టివు హాస్యానికి జంధ్యాల తీసిన చంటబ్బాయ్ (1986) చక్కని ఉదాహరణ. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా వచ్చిన ఈ చిత్రంలో చిరంజీవి తన పోరాట వీరుడి రూపాన్ని పక్కనపెట్టి నవ్వించాడు. కాని అతడు అక్కడ ఒంటరి డిటెక్టివు. జంట లేదు.

ఒకరికొకరు పొసగని జంట కావలసి వచ్చినప్పుడు తెలుగు సినిమా ఆశ్రయించే పాత ఉపాయం ద్విపాత్రాభినయం. రాముడు భీముడు (1964) నాటి నుండి పిరికివాడు, ధైర్యవంతుడు ఒకే నటుడే. ఎస్.ఎస్. రాజమౌళి తీసిన విక్రమార్కుడు (2006) ఈ సంప్రదాయంలో మన విషయానికి అన్నిటికంటె దగ్గరగా వస్తుంది. రవితేజ అందులో అత్తిలి సత్తిబాబు అనే చిల్లర దొంగ, విక్రమ్ సింగ్ రాథోడ్ అనే నిప్పులాంటి పోలీసు అధికారి. ఒకడు నవ్విస్తాడు, ఒకడు కొడతాడు. రష్ అవర్‌లోని ఇద్దరూ ఇక్కడ ఒకే ముఖంతో ఉన్నారు. అయితే ఆ ఇద్దరూ కలిసి దర్యాప్తు చేసే అవకాశమే రాదు. రాథోడ్ మరణించాక సత్తిబాబు అతని స్థానంలో నిలుస్తాడు. జంట కథ కాస్తా వారసత్వ కథ అయింది. అది తెలుగు ప్రేక్షకుల నాడి తెలిసిన మార్పే. ఈ చిత్రం తమిళంలో సిరుతై (2011), హిందీలో రౌడీ రాథోర్ (2012) పేర్లతో పునర్నిర్మాణమైంది.

కారణం ఒకటే కాదు. మన కథానాయకుడు అభిమానుల దృష్టిలో దెబ్బకు ఏడవకూడదు, శత్రువును చూసి పారిపోకూడదు. జాకీ చాన్ హాస్యానికి ఆ రెండే పెట్టుబడి. పైగా ఇద్దరు సమాన స్థాయి నటులను జతచేస్తే పాత్రల తూకం, అభిమానుల తూకం రెండూ చూసుకోవాలి. ఆర్ఆర్ఆర్ (2022)లో పోలీసు అధికారియైన రామరాజుకు, భీమ్‌కు మధ్య ఈ తూకాన్ని ఎంతో శ్రమపడి సాధించారు కాని, అది హాస్యచిత్రం కాదు. పెద్ద తారల బరువు లేనిచోట పని సులువైంది. రితేష్ రాణా తీసిన మత్తు వదలరా 2 (2024)లో శ్రీసింహా, సత్య ఒక ప్రత్యేక దర్యాప్తు బృందంలో చేరిన అసమర్థ జంటగా నవ్విస్తారు. అందులో యుద్ధవిద్య లేకపోయినా జంట దర్యాప్తు హాస్యం నిండుగా ఉంది.

జాకీ చాన్‌కు మన వైపుతో కొంత సంబంధం లేకపోలేదు. ది మిత్ (2005) చిత్రంలో కొంత భాగాన్ని హంపిలో చిత్రీకరించారు. కుంగ్ ఫూ యోగా (2017)లో అతని సరసన నటించిన సోనూ సూద్, తెలుగువారికి అరుంధతి (2009)లోని పశుపతిగా సుపరిచితుడు.

నిజామాబాదు, బోధన్ ప్రాంతంలో

ఈ చిత్రాలలోని భాషా హాస్యం నిజామాబాదు ప్రాంతపు ప్రేక్షకుడికి అందినంత సులభంగా మరొకరికి అందకపోవచ్చు. 1923 - 31 మధ్య మంజీరపై నిర్మించిన నిజాంసాగర్ కాలువల కింద సేద్యానికి కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు. వారి ఊళ్ళను ఇప్పటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారంతో బోధన్ పక్కన శక్కర్‌నగర్ ఏర్పడింది. గానుగ నడిచే కాలమంతా చెరుకు బండ్లతో, కూలీలతో ఆ దారులు కిటకిటలాడేవి. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. మంజీర దాటితే మహారాష్ట్ర. అందువల్ల ఇక్కడి బజారులో తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే బేరంలో వినబడతాయి. ఎదుటివాడికి భాష రాదనుకుని నోరుజారి నాలుక కరచుకున్న కార్టర్‌లు ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉంటారు.

ఈ ప్రాంతం వారికి తెర మీద భాషతో ఒక పాత మనస్తాపం కూడా ఉంది. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో కోస్తా భాష నాయకుడిది, తెలంగాణ యాస రౌడీది లేదా హాస్యగాడిది. రష్ అవర్‌లో లీ ఉచ్చారణ మీద నవ్విన కార్టర్‌కు లీ చేతిలో జవాబు దొరుకుతుంది. ఈ చిత్రాలలో ఆ జవాబు ఉండేది కాదు. నవ్వు ఒకవైపే ప్రవహించేది. తరగతిలో తన ఇంటి మాటను మాట్లాడబోయి, పక్కవాడు కిసుక్కుమంటే ఆగిపోయిన పిల్లవాడిని చూసిన ఉపాధ్యాయుడికి ఇది సినిమా సమస్యగా మాత్రమే కనబడదు. శేఖర్ కమ్ముల దర్శకత్వంలో వచ్చిన ఫిదా (2017)లో బాన్సువాడకు చెందిన భానుమతి పాత్రకు సాయిపల్లవి ఇదే యాసలో ప్రాణం పోసింది. నిర్మాత దిల్ రాజు నిజామాబాదు జిల్లా నర్సింగ్‌పల్లివాడు. ఆ చిత్రంలో ప్రేక్షకులు భానుమతి యాసను చూసి కాక, ఆమె విసిరిన చమత్కారానికి నవ్వారు. జయం (2002)తో పరిచయమైన నటుడు నితిన్‌దీ నిజామాబాదే.

ఇక పోరాట విద్య విషయానికి వస్తే, ఈ పట్టణానికి చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను జరిగిన ప్రపంచ మహిళా బాక్సింగ్ పోటీలలో బంగారు పతకాలు గెలుచుకుంది. 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా నియమితురాలైంది.